హైదరాబాద్ చలికి స్పోర్ట్స్ కారు టైర్లు: ఏవి కొనాలి, ఏవి వద్దు

నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపు మీద ఆ రోజు నా కారు వేగం యాభై దాటలేదు. డిసెంబరు నెల, ఉదయం ఐదున్నర. గండిపేట చెరువు వైపు నుంచి వచ్చిన పొగమంచు రోడ్డు మీద సన్నని తడిగా పరుచుకుని ఉంది. మలుపు సగంలో ఉండగా యాక్సిలరేటర్ మీద కాలు కాస్త బలంగా పడిందో లేదో, కారు వెనక భాగం పక్కకు జరిగింది. జరిగింది జానెడే. ఎలక్ట్రానిక్స్ వెంటనే సర్దుకున్నాయి. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం రెండుసార్లు మిణుకుమంది, అంతే. ర్యాంపు దిగాక పక్కకు ఆపి టైర్లను చూశాను. ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, నిండుగా ఉంది. కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు, అమ్మినాయన మురిసిపోతూ చూపించిన ట్రెడ్ అది.

ఆ మధ్యాహ్నమే టైరు షాపుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన ట్రెడ్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఫోను టార్చి వేసి, టైరు పక్కభాగం మీద దుమ్ము తుడిచి, చిన్న గుడ్డులాంటి గీత లోపల ఉన్న నాలుగు అంకెలు చూపించారు. 2217. "22వ వారం, 2017. మే నెలాఖరు సరుకు బాబూ ఇది" అన్నారు. తర్వాత షాపులో ఉన్న కొత్త టైరు మీద బొటనవేలి గోరు నొక్కి తీశారు. గోటి ముద్ర ఓ క్షణం అలాగే నిలిచి, మెల్లగా మాయమైంది. నా టైరు మీద నొక్కితే గోరు జారిపోయింది. "ఆరు ఎండాకాలాలు తిన్నది. చలికి ఇంకేం పట్టుకుంటుంది?" అన్నారాయన.

ఈ వ్యాసమంతా ఆ మాట చుట్టూనే. చలికాలానికి ఏ టైర్లు మంచివని వెతికితే కనిపించే సలహాలు చాలావరకు హిమం కురిసే దేశాల వాళ్లు తమ కోసం రాసుకున్నవి. మన దగ్గర చలికాలపు పట్టును పాడుచేసేది చలి కంటే ముందు ఎండ. అందుకే ఇక్కడ కొనుగోలు లెక్క వేరుగా ఉంటుంది.

మన చలి ఎంత చలి?

బేగంపేటలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. హైదరాబాద్ చరిత్రలో అదే అత్యల్పం. మామూలుగా డిసెంబరు, జనవరి ఉదయాల్లో నగరం నడిబొడ్డున 12 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని తెల్లవారుజాములు ఒక అంకెలోకి దిగుతాయి. మధ్యాహ్నానికి మళ్లీ 28, 29. అంటే ఒకే రోజులో రెండు రుతువులు.

టైర్ల ప్రపంచంలో 7 డిగ్రీలను ఒక గీతగా చెబుతారు. అంతకంటే దిగితే సమ్మర్ టైర్ల రబ్బరు గట్టిపడటం మొదలై, రోడ్డు గరుకుదనంలోకి ఒదగలేకపోతుంది. వింటర్ టైర్ల రబ్బరు మిశ్రమం వేరు కనుక అక్కడ కూడా మెత్తగానే ఉంటుంది. ఈ 7 అనేది కత్తితో కోసినట్టుండే హద్దు కాదు. పది డిగ్రీల దగ్గర కూడా సమ్మర్ టైరు పట్టు కొంత తగ్గే ఉంటుంది. ఎంత తగ్గుతుందన్నది ఆ టైరు ఏ తరగతిదో, ఎంత పాతదో దాన్ని బట్టి ఉంటుంది. కొత్త టైరు పది డిగ్రీలకు మూతి ముడుచుకుంటే, ఆరేళ్ల టైరు ఏకంగా అలిగి కూర్చుంటుంది.

ఇక్కడ మన భాషతో ఓ చిక్కుంది. పొగమంచునూ మంచే అంటాం, గడ్డి మీద బిందువులనూ మంచే అంటాం, కశ్మీరులో కురిసేదాన్నీ మంచే అంటాం. ఓ మిత్రుడు "మంచుకు టైర్లు కావాలి" అని షాపులో అడిగితే, వాళ్లు హిమానికి వేసే టైర్ల ఫోటోలు పంపారు. తప్పు వాళ్లదేమీ కాదు. మనకు కావలసింది చల్లని, తడిసిన తారు మీద పట్టు. హిమం మీద పట్టు కాదు. ఈ రెండూ వేర్వేరు అవసరాలు.

వింటర్ టైర్లు: ఇక్కడ వద్దే వద్దు

అసలైన వింటర్ టైరు పక్కభాగం మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో హిమకణం బొమ్మ ఉంటుంది. ఎం ప్లస్ ఎస్ (బురద, హిమం అనే ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలు) అని రాసి ఉన్నంత మాత్రాన అది వింటర్ టైరు అయిపోదు. ఆ రాత ట్రెడ్ ఆకృతి గురించి తయారీదారు చెప్పుకునే మాట మాత్రమే. కొండ బొమ్మ రావాలంటే హిమం మీద పరీక్షలో నెగ్గాలి.

వింటర్ టైరు ట్రెడ్ దిమ్మల నిండా సన్నని చీలికలు ఉంటాయి. హిమాన్ని కరిచి పట్టుకునేవి అవే. అదే టైరును 28 డిగ్రీల మధ్యాహ్నం పొడి రోడ్డు మీద నడిపితే, ఆ చీలికల వల్ల దిమ్మలు అటూ ఇటూ ఊగుతాయి. స్టీరింగ్ తిప్పాక కారు మలుపు తీసుకోవడానికి ఓ క్షణం ఆలోచించుకున్నట్టు అనిపిస్తుంది. బ్రేకు దూరం పెరుగుతుంది, టైరు గబగబా అరుగుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అరిగిన రబ్బరు తప్ప ఇంకేమీ మిగలదు. పైగా తేలిగ్గా దొరకవు కూడా. 2020 జూన్‌లో కేంద్రం కార్ల టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చింది. తెప్పించాలంటే లైసెన్సు కావాలి. టైరు మీద ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. స్పోర్ట్స్ కారు సైజులో వింటర్ టైర్ల కోసం ఎవరు అంత శ్రమ పడతారు? ఎవరైనా తెప్పిస్తామంటే ముందు ఐఎస్ఐ గుర్తు, తర్వాత తయారీ తేదీ అడగండి. సంభాషణ చాలావరకు అక్కడే ముగుస్తుంది.

ఆల్ సీజన్ స్పోర్ట్స్ టైర్లు: మంచివే, కానీ దొరికితే

మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ ఎక్‌స్ట్రీమ్ కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ లాంటివి అమెరికాలో స్పోర్ట్స్ కార్ల యజమానులకు బాగా తెలిసిన పేర్లు. చల్లని తడి రోడ్డు మీద ఇవి సమ్మర్ టైర్ల కంటే ముందే పని మొదలుపెడతాయి. కాగితం మీద చూస్తే హైదరాబాద్ చలికాలానికి ఇవే సరిగ్గా సరిపోతాయి. చిక్కేమిటంటే, మనకు చలి రెండు నెలలు, ఎండ ఐదు నెలలు. మేలో 42 డిగ్రీలుంటే తారు ఇంకా చాలా వేడెక్కుతుంది. అక్కడ ఈ మిశ్రమం మెత్తబడి, గట్టి మలుపుల్లో తేలిపోతుంది. దిగుమతి చిక్కు వీటికీ ఉంది.

అన్నట్టు, ఇక్కడి షాపుల్లో మామూలు టైర్లను కూడా "అన్ని కాలాలకూ పనికొస్తాయి" అంటారు. మన దేశపు కాలాలన్నింటికీ పనికొస్తాయని వాళ్ల భావం, అది నిజమే. యూరప్ లెక్కలో మాత్రం ఇక్కడ అమ్మే కార్ల టైర్లు దాదాపు అన్నీ సమ్మర్ టైర్లే.

ఒకే టైరుతో అన్నీ నెట్టుకురావడం రేసింగ్‌లోనూ ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఆ కార్లకు వేసినవి హాంకూక్ టైర్లు. ఎండకూ వానకూ ఒకే టైరు, గాడులతో. ఆ వారం నేను గ్యాలరీలో కూర్చుని కార్ల కంటే టైర్లే ఎక్కువ చూశానని ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

సెమీ స్లిక్‌లు: అసలు ప్రమాదం ఇక్కడే

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ తరగతి దగ్గరే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2, పిరెల్లి పి జీరో ట్రోఫియో ఆర్ లాంటి టైర్లు రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్నవే. కానీ వాటి మనసంతా ట్రాక్ మీద ఉంటుంది. చూడటానికి అందంగా ఉంటాయి. గాడులు తక్కువ, రబ్బరు ఎక్కువ. ఖరీదైన కార్లలో కొన్ని కంపెనీ నుంచే వీటితో వస్తాయి. అందుకే చాలామంది "కంపెనీయే ఇచ్చింది కదా, ఇంతకంటే మంచిది ఏముంటుంది" అనుకుంటారు.

రబ్బరు రోడ్డును పట్టుకోవడం అంటే, అది వంగి, సాగి, రాతి గరుకు సందుల్లోకి దిగి, మళ్లీ లేచే క్రమంలో శక్తిని వేడిగా మార్చుకోవడం. ఈ టైర్ల మిశ్రమం ట్రాక్ మీద ఎనభై డిగ్రీల పైన వేడెక్కినప్పుడు బాగా పనిచేసేలా కలిపినది. డిసెంబరు ఉదయం ఔటర్ మీద చట్టప్రకారం 120లో నిటారుగా వెళ్తే టైరు అంత వేడెక్కదు. పైన చల్లని గాలి, కింద చల్లని తారు. గట్టిగా బ్రేకులు వేస్తూ, మలుపులు తీసుకుంటూ పోతే వేడెక్కుతుంది. అది రోడ్డు మీద చేయకూడని పని. అంటే ఈ టైరు తన సత్తా చూపే ఉష్ణోగ్రతకు మీరు మామూలు రోడ్డు మీద చేరనే చేరరు. అప్పటిదాకా మామూలు స్పోర్ట్స్ టైరే దీనికంటే గట్టిగా పట్టుకుంటుంది. తడి ఉంటే చెప్పనే అక్కరలేదు. చాలా కంపెనీలు తమ సూచనల్లోనే ఈ తరగతి టైర్లను 7 డిగ్రీల లోపు నడపవద్దని, గడ్డకట్టే చలిలో రబ్బరు పగుళ్లివ్వవచ్చని రాస్తాయి.

టైరు పక్కన ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. పైలట్ స్పోర్ట్ 4 ఎస్ మీద 300, కప్ 2 మీద 180. అంకె తగ్గేకొద్దీ రబ్బరు త్వరగా అరుగుతుందని స్థూలంగా లెక్క. ఆ అంకె వేసేది తయారీదారే కనుక ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి వాదించుకోవడం దండగ. ఒకే కంపెనీ రెండు టైర్ల మధ్య తేడా తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఎక్కువగా ట్రాక్ మీద నడిపేవాళ్లయితే సెమీ స్లిక్‌లు వేరే రిమ్ములకు బిగించి గ్యారేజీలో పెట్టుకోండి. ట్రాక్‌కు వెళ్లే రోజు మార్చుకోవచ్చు. తెల్లవారుజామున చాయ్ కోసం శంకర్‌పల్లి దాకా వెళ్లడానికి అవి వద్దు.

రోడ్డు స్పోర్ట్స్ టైర్లు: నేను కొన్నవి ఇవే

పైలట్ స్పోర్ట్ 4 ఎస్, పైలట్ స్పోర్ట్ 5, పిరెల్లి పి జీరో, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్, యోకోహామా అడ్వాన్ స్పోర్ట్ వంటివన్నీ ఈ గుంపులోవే. వ్రెడెస్టీన్ అల్ట్రాక్ వోర్టి కూడా ఉంది. పేరు డచ్చిదైనా 2009 నుంచి ఆ కంపెనీ మన అపోలో టైర్స్ చేతిలో ఉంది. రబ్బరులో సిలికా ఎక్కువ కలపడం వల్ల ఈ తరం టైర్లు తడి రోడ్డు మీద మునుపటి వాటి కంటే చాలా మేలు. పన్నెండు డిగ్రీల దగ్గర పూర్తి ఉత్సాహం ఉండదు, కానీ ఏం జరగబోతోందో స్టీరింగ్ ద్వారా ముందే చెబుతాయి. పది, పదిహేను కిలోమీటర్లు నడిచాక చేతికి తేడా తెలుస్తుంది. నేను హైదరాబాద్‌కు ఇవే సిఫార్సు చేస్తాను.

ఈ గుంపులో బ్రాండుల మధ్య తేడా గురించి గంటలకొద్దీ వాదించేవాళ్లున్నారు. నా అనుభవంలో, నిరుడు తయారైన రెండో శ్రేణి బ్రాండు టైరు, నాలుగేళ్లు గోదాములో పడి ఉన్న గొప్ప బ్రాండు టైరు కంటే డిసెంబరు ఉదయాన బాగా పట్టుకుంటుంది. మొదట సైజు, తర్వాత తేదీ, ఆ తర్వాతే పేరు.

సైజు అన్నాను కనుక ఇంకో సంగతి. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ముందు వెనక సైజులు వేరు. 992 తరం పోర్షే 911 కరేరాకు ముందు 235/40 జడ్‌ఆర్19, వెనక 295/35 జడ్‌ఆర్20. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కభాగం ఎత్తు శాతం (దీన్నే ప్రొఫైల్ అంటారు), చివరిది అంగుళాల్లో రిమ్ము. మామూలు కార్లలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకోవడం కుదరదు. కొన్ని టైర్ల మీద కారు కంపెనీ గుర్తు ఉంటుంది. పోర్షేకు ఎన్ అక్షరంతో ఓ అంకె, బీఎమ్‌డబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడికి ఏఓ. ఆ కారు కోసం ఆ టైరును కాస్త సవరించి చేశారని అర్థం. వారంటీ ఉన్న కారైతే ఆ గుర్తున్నవే వేయండి. నా కారులాంటి పాతదానికి నేను అంత పట్టించుకోలేదు. నాలుగూ ఒకే బ్రాండు, ఒకే మోడల్ ఉండేలా మాత్రం చూసుకున్నాను. ముందు ఒక రకం, వెనక ఒక రకం వేస్తే చలిలో రెండూ ఒకే సమయానికి వేడెక్కవు. ముందు పట్టుకుని వెనక జారితే ఏమవుతుందో నార్సింగి ర్యాంపు మీద రుచి చూశాను.

టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు. "120 దాటకూడని రోడ్డు మీద 300 ఎందుకు" అని షాపులో తక్కువ అక్షరం అంటగట్టాలని చూస్తారు. ఆ అక్షరం టైరు నిర్మాణం ఎంత వేడిని తట్టుకోగలదో కూడా చెబుతుంది. కారు పుస్తకంలో రాసిన దానికంటే తగ్గవద్దు.

రోజూ మాదాపూర్ ఆఫీసుకు వెళ్లడానికే ఆ కారు వాడేవాళ్లు టూరింగ్ తరగతి (సౌకర్యానికి చేసిన టైర్లు) గురించి కూడా ఆలోచించవచ్చు. చప్పుడు తక్కువ, చలిలో తొలి కిలోమీటర్లలో మొండితనం తక్కువ, అరుగుదల తక్కువ. మలుపులో మాత్రం కారు తన స్వభావం మరిచిపోతుంది. అంత డబ్బు పోసి స్పోర్ట్స్ కారు కొని దానికి సెడాన్ చెప్పులు తొడగడం నాకు నచ్చదు. మీకు నచ్చితే తప్పేమీ లేదు.

తేదీ, నీడ, గోరు

నా పాత టైర్ల కథ ఎండ కథ. ఓజోన్, వేడి, అతినీలలోహిత కిరణాలు కలిసి రబ్బరులో మెత్తదనాన్నిచ్చే నూనెలను, రక్షణ రసాయనాలను మెల్లగా హరిస్తాయి. అపార్ట్‌మెంటులో కవర్డ్ పార్కింగ్ లేక రోజంతా ఎండలో నిలబడే కారుకు ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. వేసవిలో తేడా తెలియదు. తారే అంత వేడిగా ఉంటే గట్టిపడిన రబ్బరు కూడా కాస్త మెత్తబడి పని నెట్టుకొస్తుంది. నవంబరు రాగానే ముసుగు తీస్తుంది. స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి కనుక ట్రెడ్ అరగదు. టైరు కొత్తదానిలా కనిపిస్తూనే ముసలిదైపోతుంది. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ఓడోమీటరు కంటే ముందు ఈ నాలుగంకెలు చూడాలి.

ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి నిపుణుడికి చూపించమని, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా మార్చమని టైరు కంపెనీలు చెబుతాయి. అది మామూలు కార్లకు కూడా కలిపి చెప్పిన మాట. హైదరాబాద్ ఎండలో నిలబడే స్పోర్ట్స్ కారుకు నా లెక్క ఐదేళ్లే, ట్రెడ్ ఎంత మిగిలినా. చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్. చలికాలపు తెల్లవారుజామున ఉండేది నిలిచిన నీరు కాదు, పలుచటి తేమ. దాని మీద ట్రెడ్ లోతు కంటే రబ్బరు మెత్తదనానికే పని ఎక్కువ.

కొత్తవి కొనేటప్పుడు నాలుగు టైర్ల తేదీలూ విడివిడిగా చూడండి. ఒకటి ఈ ఏడాదిది, మూడు పాతవి కలిపి ఇవ్వడం అరుదేమీ కాదు. ఒక షాపులో నాకే అలా జరిగింది. అడిగితే "సార్, నాలుగు టైర్లూ అచ్చం ఒక్కటే" అన్నారు. పేరు ఒకటే, పుట్టినరోజులు వేరు. బిగించాక అంకెలున్న వైపు లోపలికి పోవచ్చు. అందుకే రిమ్ముకు ఎక్కకముందే చూడాలి.

గాలి

ప్రతి పది డిగ్రీల తేడాకు టైరులో గాలి దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మారుతుంది. మధ్యాహ్నం ఎండలో, అదీ కాసేపు నడిపి వేడెక్కిన టైరులో సరిగ్గా కొలిచి నింపిస్తే, మర్నాడు ఉదయం 12 డిగ్రీల దగ్గర మూడు నాలుగు పీఎస్ఐ తక్కువ ఉండవచ్చు. 35 ప్రొఫైల్ టైరుకు అది చిన్న తేడా కాదు. జూబ్లీహిల్స్ గుంతల్లో రిమ్ము అంచు తగలడానికి, సైడ్‌వాల్ ఉబ్బడానికి అదే దారి. ఉదయం బయలుదేరకముందు ఇంట్లోనే కొలవండి. చిన్న డిజిటల్ గేజి, చేతిలో పట్టే పంపు ఉంటే చాలు. పెట్రోలు బంకులో నైట్రోజన్ పట్టిస్తే ఈ బాధ ఉండదంటారు. గాలిలో 78 శాతం నైట్రోజనే. మిగతాదీ అదే అయినంత మాత్రాన చలికి కుంచించుకోకుండా ఉండదు.

గాలి పోయినా కొంత దూరం నడిచే రన్ ఫ్లాట్ టైర్లు వేసుకున్న వాళ్లకు గాలి తగ్గినా కంటికి కనిపించదు. గట్టి పక్కభాగాలు కారును నిలబెట్టేస్తాయి. వాళ్లు ఇంకా జాగ్రత్తగా కొలవాలి.

ఊరు దాటితే

అనంతగిరి కొండల దాకా ఆదివారం వెళ్లేవాళ్లకు పైన చెప్పిన రోడ్డు స్పోర్ట్స్ టైర్లే చాలు. శ్రీశైలం దారి వేరు. మన్ననూరు దగ్గర నల్లమల అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. చలికాలంలో ఐదున్నరకే చేరి వరుసలో నిలబడతాం. హైదరాబాద్ నుంచి రెండు గంటలు నడిచి వేడెక్కిన టైర్లు ఆ అరగంటలో మళ్లీ చల్లబడతాయి. గేటు తెరవగానే ముందున్న బస్సును దాటాలన్న ఆరాటంతో మొదటి మలుపుల్లోకి దూసుకెళ్లేవాళ్లను చూశాను. టైరు పరంగా అది ఇంటి నుంచి అప్పుడే బయలుదేరినట్టే. పైగా అది అడవి, జంతువులు దాటే చోటు.

లంబసింగి, అరకు వైపు వెళ్తే తెల్లవారుజాము 7 డిగ్రీల గీత కిందికి దిగుతుంది. ఆదిలాబాద్ జిల్లాలోనూ అంతే. అక్కడికి వెళ్లడానికి ప్రత్యేకంగా టైర్లు మార్చాల్సిన పనిలేదు. సూర్యుడు పైకొచ్చి తారు ఆరాక ఘాట్ ఎక్కితే సరిపోతుంది. మనాలి, లడఖ్ శీతకాలం గురించి అడిగేవాళ్లకు నా సమాధానం ఒకటే: ఆ కారు ఇంట్లో ఉంచి, స్థానిక డ్రైవరు ఉన్న నాలుగు చక్రాల డ్రైవ్ వాహనం అద్దెకు తీసుకోండి.

షికాగో తమ్ముడికి చెప్పింది

మా పెద్దమ్మ కొడుకు షికాగో దగ్గర ఉంటాడు. పోయిన అక్టోబరులో ఫోను చేసి, "అన్నయ్యా, నీ సలహా ప్రకారం నేనూ సమ్మర్ టైర్లే ఉంచేస్తాను" అన్నాడు. ఒరేయ్ ఆగమన్నాను. అక్కడ సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. ఆ చలిలో సమ్మర్ టైరు పట్టుకోకపోవడం అటుంచి, కారును కదిలిస్తే ట్రెడ్ దిమ్మల దగ్గర రబ్బరు చిట్లవచ్చు. వాడికి అసలైన వింటర్ టైర్లే కావాలి. స్పోర్ట్స్ కార్ల కోసమే మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లి సొట్టోజీరో లాంటివి ఉన్నాయి. నాలుగు చక్రాలకూ వేయాలి. ఇంజిను శక్తి వెళ్లే రెండింటికే వేస్తే ఆగేటప్పుడు, తిరిగేటప్పుడు మిగతా రెండూ మోసం చేస్తాయి. వాడి కారుకు ఒక అంగుళం చిన్న రిమ్ము, కాస్త సన్నని టైరు తీసుకోమన్నాను. సన్నని టైరు హిమాన్ని చీల్చుకుని కిందికి దిగుతుంది, ఎత్తైన పక్కభాగం గుంతల దెబ్బ తట్టుకుంటుంది. బ్రేకు కాలిపర్‌కు (చక్రం లోపల బ్రేకు డిస్కును పట్టుకునే భాగం) ఆ రిమ్ము తగలకుండా ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి. వేరే రిమ్ములకు బిగించి ఉంచుకుంటే ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే ఖర్చు కూడా తప్పుతుంది.

జర్మనీలో ఉన్న మిత్రులకు ఇంకో మాట. అక్కడ శీతకాలపు రోడ్డు పరిస్థితుల్లో తగిన టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. 2024 అక్టోబరు నుంచి ఎం ప్లస్ ఎస్ గుర్తు ఒక్కటే ఉంటే చెల్లదు, కొండ బొమ్మ ఉండాలి. అంత హిమం లేని చోట, అంటే డల్లాస్‌లాంటి ఊళ్లలో ఉన్నవాళ్లకు ఆల్ సీజన్ స్పోర్ట్స్ టైర్లు హాయి. మనకు అందని ద్రాక్ష వాళ్లకు పక్క షాపులోనే ఉంది.

డబ్బు సంగతి

19 అంగుళాల మంచి స్పోర్ట్స్ టైరు ఒక్కోటి పాతిక, ముప్పై వేల పైమాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కొంత ఊరట. అంతకుముందు ముద్రించిన ధరతో బిల్లు రాస్తే అడగండి. నాలుగూ ఒకేసారి కొనలేకపోతే వెనక రెండు మొదట మార్చండి. ముందు చక్రాలు జారితే కారు నిటారుగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు చేతిలో ఉండదు. ఆ ఖాళీ రెండు మూడు నెలలకు మించకుండా చూసుకోండి. అలైన్‌మెంట్ కూడా అదే రోజు చేయించండి.

కొత్త టైరు మీద, అచ్చుకు అంటుకోకుండా వాడిన జారుడు పొర ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అది అరిగేదాకా మెత్తగా నడపాలి. నేను కొత్తవి బిగించింది జనవరి మొదటి వారంలో. ఆ పొర వదిలించుకోవడానికి వరుసగా నాలుగు రోజులు మధ్యాహ్నం పూట ఔటర్ మీద నిదానంగా తిరిగాను. ఐదో రోజు ఉదయం ఐదున్నరకు మళ్లీ నార్సింగి ర్యాంపు. అదే తడి, అదే మలుపు, పసుపు దీపం వెలగలేదు. అయినా ముల్లు నలభై దగ్గరే ఉంది.